పందుల రైతులు సంఘం కట్టారు

పందుల పెంపకం అంటే చాలామంది ముఖం చిట్లిస్తారు. ఆ పని చేసేవాళ్లను చిన్నచూపు చూస్తారు. కాని డెన్మార్క్ అనే దేశంలో అలా కాదు. అక్కడ పందుల రైతుల మాటకు విలువ ఉంది. ఆ దేశంలో మనుషులకంటే పందులే ఎక్కువ. పంది మాంసం అమ్మి ఆ దేశం ఎంతో డబ్బు సంపాదించింది.

ఆ విలువ ఒక్కరోజులో రాలేదు. రైతులు సంఘం కట్టారు. కట్టుబాట్లు రాసుకున్నారు. రాసుకున్న మాట మీద నిలబడ్డారు. ఆ కథే ఈ పాఠం.

చిన్న దేశం, పెద్ద కష్టం

డెన్మార్క్ ఐరోపా ఖండంలో ఉత్తరాన ఉంది. చలి దేశం. దాదాపు చుట్టూ సముద్రమే. విస్తీర్ణంలో అది తెలంగాణలో సగం కూడా ఉండదు. జనాభా సుమారు 60 లక్షలు.

1864లో ఆ దేశం పక్క దేశాలతో యుద్ధం చేసి ఓడిపోయింది. చాలా భూమి పోగొట్టుకుంది. ఆ దెబ్బ నుంచి తేరుకోకముందే ఇంకో దెబ్బ తగిలింది. అక్కడి రైతులు గోధుమ, బార్లీ పండించి పై దేశాలకు అమ్మేవారు. 1870 తర్వాత అమెరికా నుంచి, రష్యా నుంచి ఓడల్లో చౌక ధాన్యం వచ్చి పడింది. ధర పడిపోయింది. పండించిన గింజ అమ్మితే గిట్టుబాటు కాలేదు.

అప్పుడు రైతులు ఒక ఆలోచన చేశారు. "గింజను అమ్మితే నష్టం. ఆ గింజనే ఆవుకు, పందికి పెడదాం. వెన్న, మాంసం అమ్ముదాం" అనుకున్నారు. బయటి నుంచి వచ్చే చౌక ధాన్యం కూడా మేతగా పనికి వచ్చింది. నష్టం తెచ్చిన ధాన్యాన్నే లాభానికి వాడుకున్నారు.

ముందు చదువు వచ్చింది

ఈ ఆలోచన నలుగురిలో పాకడానికి చదువు సాయం చేసింది. డెన్మార్క్‌లో 1814లోనే పిల్లలందరూ చదవాలని చట్టం వచ్చింది. పెద్దవాళ్ల కోసం కూడా బడులు పెట్టారు. వాటిని జానపద పాఠశాలలు అనవచ్చు. గ్రుంట్విగ్ అనే పెద్దాయన ఈ ఆలోచన చెప్పాడు. మొదటి బడి 1844లో రోడింగ్ అనే ఊరిలో పెట్టారు. 1864 యుద్ధం తర్వాత ఇలాంటి బడులు పల్లెల్లో చాలా వచ్చాయి.

ఈ బడుల్లో పరీక్షలు లేవు. మార్కులు లేవు. రైతుల కొడుకులు చలికాలంలో వచ్చి చదివేవారు. అప్పుడు పొలం పని తక్కువ. రైతుల కూతుళ్లు వేసవిలో వచ్చేవారు. చరిత్ర వినేవారు. పాటలు పాడేవారు. పదిమందిలో లేచి మాట్లాడటం నేర్చుకునేవారు.

పదిమందిలో మాట్లాడగలిగినవాడు సంఘంలో ప్రశ్న అడగగలడు. కాగితం చదవగలిగినవాడు సంతకం పెట్టే ముందు అందులో ఏముందో చూసుకోగలడు. సంఘాలు నిలబడటానికి ఇది పెద్ద బలం అయింది.

పాల సంఘం నుంచి పందుల సంఘం

1882లో యెడ్డింగ్ అనే ఊరిలో రైతులు మొదటి పాల సహకార సంఘం పెట్టారు. అందరూ పాలు ఒకేచోట పోసేవారు. మరతో వెన్న తీసేవారు. ఆ వెన్న మంచి ధరకు పోయేది. ఈ పద్ధతి దేశమంతా పాకింది.

వెన్న తీయగా మిగిలిన పాలు రైతులకు తిరిగి వచ్చేవి. ఆ పాలు ఏం చెయ్యాలి? పందులకు పోశారు. పందులు బాగా బలిశాయి. అలా ఆవుతోపాటు పంది కూడా ఆ ఇళ్లలో ముఖ్యం అయింది.

ఆ రోజుల్లో డెన్మార్క్ రైతులు బతికున్న పందులను జర్మనీకి అమ్మేవారు. 1887లో పందులకు జ్వరం రోగం వచ్చింది. జర్మనీ భయపడింది. డెన్మార్క్ పందులు తమ దేశంలోకి రాకూడదని ఆపేసింది. తలుపు మూసినట్టు అయింది. దొడ్లో పందులు పెరుగుతున్నాయి. కొనేవాడు లేడు.

మరి ఏం చెయ్యాలి? బతికున్న పందిని పంపలేకపోతే మాంసం పంపాలి. ఇంగ్లండ్ జనం పొద్దున పూట బేకన్ తింటారు. బేకన్ అంటే ఉప్పులో ఊరబెట్టిన పంది మాంసం. కొన్నిసార్లు పొగ కూడా పట్టిస్తారు. అది త్వరగా పాడవదు. ఓడలో పంపవచ్చు.

బేకన్ చేయాలంటే కబేళా కావాలి. ఉప్పు తొట్లు కావాలి. చల్లటి గదులు కావాలి. ఒక్క రైతు వల్ల అయ్యే పని కాదు. వ్యాపారుల కబేళాలు ఉన్నాయి. కాని ధర వాళ్లు చెప్పిందే. తూకం వాళ్లు వేసిందే.

హోర్సెన్స్ అనే పట్నం చుట్టుపక్కల రైతులు అప్పటికే సొంత కబేళా గురించి మాట్లాడుకుంటున్నారు. జర్మనీ తలుపు మూయడంతో పని తొందరైంది. 1887 చివరలో హోర్సెన్స్‌లో రైతుల సొంత కబేళా పని మొదలుపెట్టింది. పందుల రైతుల మొదటి సహకార కబేళా అదే. తర్వాత కొద్ది ఏళ్లలోనే ఇలాంటివి చాలాచోట్ల వచ్చాయి.

నాలుగు కట్టుబాట్లు

ఈ సంఘాలు ఎలా నడిచాయి? రైతులు ముందే కట్టుబాట్లు రాసుకున్నారు. వాటిలో ముఖ్యమైనవి నాలుగు.

మొదటిది: అప్పుకు అందరూ హామీ. కబేళా కట్టడానికి బ్యాంకులో అప్పు తీసుకున్నారు. రైతులంతా కలిసి ఆ అప్పుకు జామీను ఉన్నారు. సంఘం మునిగితే అందరూ కట్టాలి. అందుకే ప్రతి ఒక్కరూ లెక్కలు గట్టిగా అడిగేవారు.

రెండోది: పందులన్నీ సంఘానికే. సంఘంలో చేరిన రైతు కొన్నేళ్ల దాకా అమ్మే పందులన్నీ సంఘం కబేళాకే ఇవ్వాలి. మాట తప్పి బయట అమ్మితే జరిమానా కట్టాలి.

మూడోది: ఒక మనిషికి ఒక ఓటు. వంద పందులు ఉన్న రైతుకు ఒక ఓటు. రెండు పందులు ఉన్న రైతుకూ ఒక ఓటే.

నాలుగోది: ఇచ్చిన సరుకును బట్టి లాభం. పందిని ఇచ్చినప్పుడు తూకాన్ని బట్టి, రకాన్ని బట్టి డబ్బు ఇస్తారు. ఏడాది చివర మిగులు ఉంటే, ఎవరు ఎంత తూకం ఇచ్చారో దాన్నిబట్టి పంచుతారు.

ఒక లెక్క చూద్దాం

ఒక చిన్న సంఘంలో ముగ్గురు సభ్యులు ఉన్నారనుకుందాం. ఏడాది చివర 12,000 రూపాయలు మిగిలాయి.

మొదటి సభ్యుడు 200 కిలోలు ఇచ్చాడు.
రెండో సభ్యుడు 1,000 కిలోలు ఇచ్చాడు.
మూడో సభ్యుడు 1,200 కిలోలు ఇచ్చాడు.
మొత్తం 2,400 కిలోలు.

12,000 రూపాయలను 2,400 కిలోలతో భాగిస్తే కిలోకు 5 రూపాయలు.

మొదటి సభ్యుడికి 1,000 రూపాయలు.
రెండో సభ్యుడికి 5,000 రూపాయలు.
మూడో సభ్యుడికి 6,000 రూపాయలు.

డబ్బులో తేడా ఉంది. ఎక్కువ ఇచ్చినవాడికి ఎక్కువ వచ్చింది. మరి ఓట్లు? ముగ్గురికీ ఒక్కొక్కటే. సంఘం పెద్దను ఎన్నుకునేటప్పుడు ముగ్గురూ సమానమే.

మాట మీద నిలబడటం

రైతులు సొంత కబేళా పెడితే వ్యాపారులు ఊరుకుంటారా? ఊరుకోలేదు. రైతుల దగ్గరకు వచ్చి, "సంఘం ఇచ్చేదానికంటే మేం ఎక్కువ ఇస్తాం" అని ఆశ పెట్టారు.

చేతికి ఎక్కువ డబ్బు వస్తుంటే ఎవరికైనా మనసు లాగుతుంది. కాని అందరూ అలా బయట అమ్మితే సంఘం కబేళాకు పందులు రావు. కబేళా మూతపడుతుంది. అప్పు మాత్రం మిగులుతుంది. సంఘం పోయాక వ్యాపారి మళ్లీ పాత ధరే ఇస్తాడు. పోటీ లేనప్పుడు ఎక్కువ ఎందుకు ఇస్తాడు?

రెండో కట్టుబాటు ఎందుకు పెట్టారో ఇక్కడ తెలుస్తుంది. ఈ రోజు పది రూపాయలు ఎక్కువ వస్తాయని మాట తప్పకుండా అది కాపాడింది.

సంఘాలకు ఒక సంఘం

ఒక్కొక్క పట్నంలో ఒక్కొక్క కబేళా వచ్చింది. ఇక కొత్త చిక్కు వచ్చింది. ఇంగ్లండ్‌లో ఒక కబేళా మీద ఇంకో కబేళా పోటీ పడితే ఎవరికి లాభం? కొనేవాడికి. రైతుకు కాదు.

అందుకని 1890 తర్వాతి ఏళ్లలో సహకార కబేళాలన్నీ కలిసి ఒక సమాఖ్య పెట్టుకున్నాయి. సమాఖ్య అంటే సంఘాలకు సంఘం. అది రైతుల తరఫున ప్రభుత్వంతో మాట్లాడేది. పందుల జాతి బాగుచేసే పని, రోగాలు ఆపే పని చూసేది.

1902లో ఇంగ్లండ్‌లో బేకన్ అమ్మడానికి ఒక సొంత కంపెనీ పెట్టారు. దాని పేరు డేనిష్ బేకన్ కంపెనీ. మధ్యలో దళారి లేకుండా అమ్మడానికి అది ఉపయోగపడింది.

ఇంకో మంచి పని చేశారు. సరుకు మీద ఒక ముద్ర వేశారు. ఆ ముద్రలో లూర్ అనే పాతకాలపు కొమ్ముబూర బొమ్మ ఉండేది. ముందు వెన్న మీద, తర్వాత బేకన్ మీద ఈ ముద్ర వచ్చింది. 1906లో దీనికి చట్టం కూడా వచ్చింది. ముద్ర ఉంటే సరుకు డెన్మార్క్‌దే, తనిఖీ జరిగిందే అని కొనేవారికి నమ్మకం. ఒక్కరు నాసిరకం పంపితే అందరి పేరు పోతుంది. కాబట్టి అందరూ జాగ్రత్త పడ్డారు.

ఇంగ్లండ్ జనానికి కొవ్వు తక్కువ ఉన్న మాంసం కావాలి. అలాంటి పందులు ఏవి? కంటితో చూసి చెప్పలేం. 1907లో పరీక్షా కేంద్రం పెట్టారు. ఒక తల్లి పంది ఈతలోని నాలుగు పిల్లలను అక్కడికి పంపేవారు. అన్నిటికీ ఒకే రకం మేత పెట్టేవారు. ఎంత తిన్నాయి, ఎన్ని రోజుల్లో పెరిగాయి అని రాసుకునేవారు. కోసిన తర్వాత కొవ్వు ఎంత, కండ ఎంత అని చూసేవారు. మంచి లెక్క వచ్చిన తల్లిదండ్రుల పిల్లలనే జాతికి ఉంచుకునేవారు. ఏళ్ల తరబడి ఇలా చేస్తే లాండ్‌రేస్ అనే పొడుగాటి, కొవ్వు తక్కువ పంది జాతి బాగుపడింది.

గడ్డు రోజులు

1932లో ఇంగ్లండ్ ఒక నిర్ణయం తీసుకుంది. బయటి దేశాల బేకన్‌ను తగ్గించి కొంటామని చెప్పింది. డెన్మార్క్ రైతుల గుండెల్లో రాయి పడింది. పందులు ఎక్కువ, కొనేది తక్కువ. ఇలా ఉంటే ధర కుప్పకూలుతుంది.

1933లో పంది కార్డుల పద్ధతి వచ్చింది. ప్రతి రైతుకు ఇన్ని కార్డులని ఇచ్చారు. ఒక కార్డుకు ఒక పంది. కార్డుతో వచ్చిన పందికి మంచి ధర. కార్డు లేని పందికి తక్కువ ధర. దాంతో రైతులు పందులను తగ్గించుకున్నారు. కష్టం అందరికీ వచ్చింది. కాని నష్టాన్ని లెక్క ప్రకారం పంచుకున్నారు.

మందు మానేశారు

ఇటీవలి కాలంలో జరిగిన ఒక విషయం కూడా తెలుసుకోవాలి. చాలా దేశాల్లో పందులకు, కోళ్లకు రోగం లేకపోయినా మేతలో కొద్దికొద్దిగా యాంటీబయాటిక్ మందు కలిపేవారు. త్వరగా బరువు పెరుగుతాయని అలా చేసేవారు.

దీనివల్ల ఒక ప్రమాదం ఉంది. రోజూ కొంచెం మందు తగిలితే సూక్ష్మక్రిములు ఆ మందుకు అలవాటు పడతాయి. మొండికేస్తాయి. ఆ క్రిములు మనుషులకు సోకితే అదే మందు పని చేయకపోవచ్చు.

1998లో డెన్మార్క్ పందుల రైతుల సంఘాలు బరువు కోసం మందు కలపడం మానేయాలని తామే నిర్ణయించుకున్నాయి. ముందు పెద్ద పందులకు మానేశారు. 2000 నాటికి చిన్న పిల్లలకూ మానేశారు. మొదట్లో పంది పిల్లలకు విరేచనాలు ఎక్కువయ్యాయి. రోగం వచ్చిన వాటికి వైద్యం చేశారు. దొడ్డి శుభ్రం, మేత మీద శ్రద్ధ పెంచారు. పందుల పెంపకం మాత్రం ఆగలేదు, పెరిగింది. 2006లో ఐరోపా సంఘంలోని దేశాలన్నిటిలోనూ బరువు కోసం మందు కలపడం నిషేధం అయింది.

సంఘం పెద్దదైంది

1960 నాటికి డెన్మార్క్‌లో సుమారు 60 సహకార కబేళాలు ఉండేవి. తర్వాత అవి ఒకదానితో ఒకటి కలిసిపోతూ వచ్చాయి. 1990లో డేనిష్ క్రౌన్ అనే పేరుతో ఒక పెద్ద సంఘం వచ్చింది. 1998లో, 2002లో ఇంకా కొన్ని సంఘాలు అందులో కలిశాయి. మొదటి కబేళా పుట్టిన హోర్సెన్స్‌లోనే కొత్తగా ఒక పెద్ద కబేళా కట్టారు. వారానికి లక్ష పందుల దాకా తీసుకునేలా దాన్ని కట్టారు. కబేళాల సమాఖ్య కూడా 2009లో వేరే రైతు సంఘాలతో కలిసింది. అలా ఒకే పెద్ద వ్యవసాయ మండలి ఏర్పడింది.

పెద్దదైతే బలం వస్తుంది. ప్రపంచ బజారులో బేరం ఆడవచ్చు. కాని నష్టం కూడా ఉంది. 1970 ప్రాంతంలో ఆ దేశంలో లక్షకు పైగా ఇళ్లలో పందులు పెంచేవారు. 2020 నాటికి అలాంటి రైతులు సుమారు 3 వేల మందే మిగిలారు. ఒక్కొక్కరి దగ్గర వేల పందులు ఉన్నాయి. రెండు, మూడు పందులు పెంచే చిన్న రైతు కనిపించడం లేదు. పేడ ఎక్కువై నీళ్లు పాడవుతున్నాయని కూడా అక్కడి జనం అడుగుతున్నారు.

అంటే సంఘం మంచి ధర తెచ్చింది. కాని చిన్నవాళ్లందరినీ నిలబెట్టలేకపోయింది. ఈ మాట కూడా దాచకుండా చెప్పుకోవాలి.

పని ఆమెది, పేరు ఆయనది

ఆ రోజుల్లో డెన్మార్క్ ఇళ్లలో పాలు పితికేది ఎవరు? ఎక్కువగా ఆడవాళ్లే. ఇంట్లో వెన్న తీసేది ఆడవాళ్లే. పందులకు, కోళ్లకు మేత వేయడంలోనూ వాళ్ల చెయ్యి ఉండేది.

కాని సంఘం పుస్తకంలో పేరు ఇంటి యజమానిది. యజమాని అంటే ఎక్కువగా మగవాడే. ఓటు ఆయనదే. డబ్బు వచ్చేది ఆయన పేరు మీదే. పాల సంఘాలు వచ్చాక వెన్న తీసే పని కూడా మగవాళ్ల చేతికి పోయింది. ఆ దేశంలో ఆడవాళ్లకు ఊరి ఎన్నికల్లో ఓటు 1908లో వచ్చింది. దేశ ఎన్నికల్లో ఓటు 1915లో వచ్చింది.

"ఒక మనిషికి ఒక ఓటు" అన్నది మంచి కట్టుబాటే. కాని ఆ మనిషి ఎవరు? పుస్తకంలో పేరు ఉన్న మనిషి. పేరు లేకపోతే ఎంత పని చేసినా ఓటు లేదు.

మన దగ్గర

మన రాష్ట్రంలో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ల సంగతి చాలామందికి తెలుసు. చదువు కేంద్రాల్లో మొదలైన మాటలు 1992లో సారా వ్యతిరేక ఉద్యమం అయ్యాయి. తర్వాత పొదుపు సంఘాలు పుట్టాయి. ఇక్కడా ముందు చదువు వచ్చింది, తర్వాత సంఘం వచ్చింది.

1995లో ఆంధ్రప్రదేశ్‌లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. సభ్యులు తామే డబ్బు వేసుకుని, తామే నడుపుకునే సంఘాలకు ఆ చట్టం దారి చూపింది. పాలు, మేకలు, కోళ్లు, పందులు, ఏది పెంచినా పదిమంది కలిస్తే ఇలాంటి సంఘం గురించి ఆలోచించవచ్చు.

అయితే సంఘంలో చేరే ముందు నాలుగు విషయాలు చూసుకోవాలి. పుస్తకంలో పేరు ఎవరిది? అప్పుకు హామీ ఎవరు? లాభం ఎలా పంచుతారు? లెక్కలు ఎవరు, ఎప్పుడు చదివి వినిపిస్తారు? వీటికి జవాబు కాగితం మీద ఉండాలి. ఆ కాగితం చదివిన తర్వాతే సంతకం పెట్టాలి.

కొత్త మాటలు

సమాఖ్య: సంఘాలు కలిసి పెట్టుకున్న సంఘం.
జామీను: అప్పుకు హామీగా నిలబడటం.
మిగులు: ఖర్చులు పోగా ఉన్న డబ్బు.
తనిఖీ: సరుకు బాగుందో లేదో పరీక్షించి చూడటం.
కట్టుబాటు: అందరూ ఒప్పుకుని రాసుకున్న నియమం.

చదివి జవాబు చెప్పండి

1. 1887లో జర్మనీ డెన్మార్క్ పందులను ఎందుకు ఆపింది?
2. వెన్న తీసిన పాలను రైతులు ఏం చేశారు?
3. లూర్ ముద్ర వల్ల ఏం లాభం కలిగింది?
4. యాంటీబయాటిక్ మందును మేతలో కలిపితే వచ్చే ప్రమాదం ఏమిటి?

లెక్క చెయ్యండి

ఒక సంఘంలో ఏడాది మిగులు 9,000 రూపాయలు. అందరూ కలిసి ఇచ్చిన సరుకు 3,000 కిలోలు. ఒక సభ్యురాలు 400 కిలోలు ఇచ్చింది. ఆమెకు ఎంత వస్తుంది?

కలిసి మాట్లాడుకోండి

1. వ్యాపారి ఎక్కువ ధర ఇస్తానంటే సంఘం సభ్యురాలు ఏం చెయ్యాలి? ఎందుకు?
2. మీ ఇంట్లో గేదె, మేక, కోడి పని ఎవరు చేస్తున్నారు? వాటిని అమ్మిన డబ్బు ఎవరి చేతికి వస్తోంది?
3. మీ సంఘం తీర్మానాల పుస్తకం ఎక్కడ ఉంది? ఈసారి సమావేశంలో దాన్ని తెప్పించి, ఒక పేజీ మీరే బిగ్గరగా చదవండి.